రహస్యం ఉంటే ఉండనీ, అబద్ధం వద్దు

సంపాదకుడికి,

ఆకాశంలో అంతుబట్టని వస్తువులు, అంటే ఎగిరే పళ్లేలు, కనిపించాయన్న వార్త వచ్చినప్పుడల్లా, నమ్మేవాళ్లను వెర్రివాళ్ల కింద జమకట్టడం మనకు అలవాటైపోయింది. ఆ నమ్మకం ఇంతగా పాతుకుపోవడంలో పెద్ద వాటా అమెరికా సైన్యానిదేనని నా అభిప్రాయం.

1947 జూలై 8న న్యూ మెక్సికోలోని రోజ్‌వెల్ సైనిక వైమానిక స్థావరం, తమకు ఎగిరే పళ్లెం దొరికిందని తానే పత్రికలకు ప్రకటన ఇచ్చింది. ఆ రోజే ఫోర్ట్‌వర్త్‌లో జనరల్ రోజర్ రేమీ, అది వాతావరణ బెలూన్ మాత్రమేనని విలేకరులకు చెప్పారు. 1994లో వైమానిక దళం ఇచ్చిన నివేదిక ప్రకారం ఆ శకలాలు 'మోగల్' అనే రహస్య పథకం బెలూన్లవి. సోవియట్ అణుపరీక్షల ధ్వని తరంగాలను పై వాతావరణంలో పసిగట్టేందుకు వాటిని ఎగరేసేవారు. ఆ మాట బయటికి రావడానికి 47 ఏళ్లు పట్టింది. అప్పటికి ఎవరు నమ్ముతారు?

1952 జూలైలో వాషింగ్టన్ రాడార్లపై వరుసగా రెండు వారాంతాల్లో అంతుబట్టని చుక్కలు కనిపించినప్పుడు వైమానిక దళానికి చెందిన మేజర్ జనరల్ జాన్ శాంఫర్డ్ పెద్ద విలేకరుల సమావేశమే పెట్టారు. నమ్మదగిన మనుషులు నమ్మశక్యం కానివి చూశామంటున్నారని ఆయన ఒప్పుకున్నారు. ఆ దారిలోనే సాగి ఉంటే బాగుండేది. కానీ 1953 జనవరిలో అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ సమకూర్చిన శాస్త్రవేత్తల బృందం రాబర్ట్‌సన్ సంఘం, ప్రచార సాధనాల ద్వారా ప్రజల ఆసక్తిని చల్లార్చాలనీ, ఔత్సాహికుల సంఘాలపై కన్నేసి ఉంచాలనీ సూచించింది. అదే ఏడాది వచ్చిన వైమానిక దళ నిబంధన మరీ అన్యాయం: కనిపించిన వస్తువు ఏమిటో తేలితేనే విలేకరులకు చెప్పాలి, తేలకపోతే నోరు మెదపకూడదు. ప్రజలు అడిగేది తేలనివాటి గురించే కదా! ఇలాంటి ఫిర్యాదులను దర్యాప్తు చేసే వైమానిక దళ 'బ్లూ బుక్' విభాగాన్ని 1969లో మూసేసేనాటికి వచ్చిన 12,618 ఫిర్యాదుల్లో 701 తేలకుండానే మిగిలాయి.

1997లో సీఐఏ పత్రికలో వెలువడిన అధ్యయనం మరో సంగతి చెప్పింది. 1950ల చివరి నుంచి 1960ల వరకు వచ్చిన ఫిర్యాదుల్లో సగానికి పైగా యూ-2 వంటి గూఢచారి విమానాలను చూసి చేసినవేనట. ఆ లెక్కను సందేహించేవారున్నారు. దర్యాప్తు అధికారులు మాత్రం సంగతి తెలిసి కూడా మంచు స్ఫటికాలు, ఉష్ణోగ్రత తేడాలు అంటూ జనానికి సర్దిచెప్పారు. నాకు బాధ కలిగించేది అదే. దేశ రక్షణ కోసం విమానాన్ని దాచవచ్చు. "ఇది చెప్పలేం" అనడానికి ఏం అడ్డు? కళ్లారా చూసిన పైలట్‌ను భ్రమపడ్డావని అనడం అతన్ని అవమానించడమే.

పరిశోధన పరికరాలను బెలూన్లతో పైకి పంపే, మన హైదరాబాద్‌లోని టాటా మౌలిక పరిశోధన సంస్థ (టీఐఎఫ్ఆర్) బెలూన్ కేంద్రం పద్ధతి చూడండి. ప్రయోగాలకు ముందే పత్రికల్లో ప్రకటిస్తుంది: పరికరాలు పారాచూట్లతో ఫలానా జిల్లాల్లో దిగవచ్చు, ముట్టుకోకుండా పోలీసులకు చెప్పండి అని. 2022 డిసెంబరులో వికారాబాద్ జిల్లా పొలాల్లో బెలూన్‌తో వచ్చిన పెద్ద యంత్రం దిగితే ఊరంతా గుమిగూడింది. అది ఈ కేంద్రం నుంచే ఎగిరిందని తెలిశాక పుకార్లకు చోటే లేకపోయింది.

2023 నవంబరు 19న ఇంఫాల్ విమానాశ్రయంపై ఏదో వస్తువు కనిపించి విమానాలు నిలిచిపోయాయి. గగనతల రక్షణ వ్యవస్థను అప్రమత్తం చేశామనీ, ఆ చిన్న వస్తువు తర్వాత కనిపించలేదనీ మన వైమానిక దళం ప్రకటించింది. ప్రకటన అంతటితో ఆగింది. బ్రిటన్ రక్షణ శాఖ ఇలాంటి తన దస్త్రాలను 2008 నుంచి 2013 వరకు విడతలుగా ప్రజల ముందు పెట్టింది. మన రక్షణ శాఖ కూడా రహస్యం కాని దస్త్రాలను గడువు పెట్టి విడుదల చేయాలి. ముందుగా ఇంఫాల్‌లో ఏం తేలిందో, ఏం తేలలేదో చెప్పాలి.

— ఒక పాఠకుడు, హైదరాబాద్