క్లచ్ లేని బండికి రెండు క్లచ్‌లు

అయ్యా,
కారు అమ్మిన కుర్రవాడు "క్లచ్ గొడవే లేదు సార్, నిశ్చింతగా నడపండి" అన్నాడు. తీరా చూస్తే ఇది డ్యూయల్ క్లచ్ ఆటోమేటిక్ అట: కాలి కింద క్లచ్ పెడలు లేదు గానీ, ఇంజిన్‌ను గేర్లకు కలిపి విడదీసే క్లచ్‌లు లోపల రెండున్నాయి! ఒకటి 1, 3, 5, 7 గేర్లకు, రెండోది 2, 4, 6కు. మూడో గేరులో వెళ్తుండగానే నాలుగోది సిద్ధంగా ఉంటుంది. ఒక క్లచ్ వదులుతుంటే రెండోది పట్టుకుంటుంది. గేరు మారినట్టే తెలియదు, ఆ సుఖం కాదనను. కానీ మొన్న సింహాచలం ఘాట్ రోడ్డులో బండ్లు ఆగిపోతే, బ్రేకు తొక్కకుండా యాక్సిలరేటర్‌తోనే ఎత్తులో నిలబెట్టాను. కాసేపటికే మాడు వాసన, తెర మీద గేర్‌బాక్సు వేడెక్కిందన్న హెచ్చరిక. మాది నూనెలో తడవని పొడి క్లచ్. సగం పట్టి జారుతూ ఉంటే ఆ వేడి త్వరగా పోదు. బ్రేకు తొక్కి ఆపితే క్లచ్ విడిపోతుందన్న ఒక్క ముక్క తాళాలతో పాటు చెప్పడానికి ఎంతసేపు పడుతుంది?

— విశ్రాంత లెక్కల మాస్టారు, విశాఖపట్నం