నీలిరంగు పట్టిన చోట

ఒరేయ్ బావా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. "దిగుమతి సుంకం పెంచి, నాలుగు రాయితీలిస్తే మూతబడ్డ పరిశ్రమలు వాటంతటవే లేస్తాయి" అన్నావు చూడు, అక్కడే ఆగిపోయాను. సుంకం వద్దనను. కొత్తగా నిలదొక్కుకునే పరిశ్రమకి కొన్నాళ్లు గొడుగు పట్టాల్సిందే. కానీ గొడుగు కింద పని చేసే చేతులు ఉండాలి కదరా!

కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్ కార్ల ఫ్యాక్టరీ గురించి నీకెప్పుడైనా చెప్పానా? జనరల్ మోటార్స్‌ది. గైర్హాజరీలు, గొడవలు, నాసిరకం బళ్లు. 1982లో తాళం పడింది. 1984లో టయోటాతో కలిసి, నుమ్మీ అన్న పేరుతో మళ్లీ తెరిచారు. కొత్తవాళ్లని పెట్టుకున్నారేమో అనుకుంటావు. చాలామంది పాత కార్మికులేరా, యూనియన్ కూడా అదే. కొందర్ని జపాన్ పంపి, అక్కడి లైన్ మీద నిలబెట్టి పని నేర్పించారు. లైన్ వెంట ఒక తాడు కట్టారు. బోల్టు సరిగ్గా పట్టకపోతే మామూలు కార్మికుడే ఆ తాడు లాగొచ్చు. టీమ్ లీడర్ పరిగెత్తుకొచ్చి ఓ చెయ్యి వేస్తాడు. అప్పటికీ తేలకపోతే లైన్ ఆగుతుంది. ఎవర్నైతే పనికిరాని వాళ్లన్నారో, వాళ్ల చేతుల మీదుగానే మంచి బళ్లు బయటికొచ్చాయి. ఇది తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు పులకరిస్తుంది. 2010లో నుమ్మీ కూడా ఆగిపోయింది, తర్వాత ఆ ఆవరణ టెస్లా చేతికెళ్లింది.

అందుకే నా టెన్షన్ మూతపడ్డ గేట్ల గురించి కాదు. మా ఫ్యాక్టరీ టూల్ రూమ్‌లో ఒక పెద్దాయన ఉన్నాడు, డై ఫిట్టర్. డై అంటే రెండు సగాలుగా ఉండే లోహపు అచ్చు, ఆ రెండు సగాలూ సరిగ్గా కూర్చునేలా చేయడం ఆయన పని. డై ముఖానికి పల్చగా నీలిరంగు పూసి, రెండు సగాలూ మూసి తెరుస్తాడు. అవతలి సగం మీద నీలం అంటిన చోటల్లా ఎత్తుగా ఉన్నట్టు. అక్కడ గీకుతాడు. మళ్లీ రంగు, మళ్లీ మూయడం. నీలం అంతటా సమంగా అంటేదాకా రోజులు పట్టినా వదలడు. ఎంత గీకాలో ఏ కాగితంలోనూ లేదు, ఆయన వేళ్లకే తెలుసు. మిషన్ డబ్బు పెడితే వస్తుంది, ఆ వేళ్లు తయారవడానికి ఏళ్లు పడతాయి. 1983లో స్విస్‌వాళ్లు 51 భాగాలతోనే స్వాచ్ గడియారం చేసి, బ్యాటరీతో నడిచే జపాన్ క్వార్ట్జ్ గడియారాల దెబ్బకి కుదేలైన పరిశ్రమని లేపారంటే, పని తెలిసినవాళ్లు ఇంకా మిగిలి ఉండబట్టే అనిపిస్తుంది నాకు.

మా పెద్దాయన వచ్చే ఏడు రిటైరవుతున్నాడు. ఆయన పక్కన ఇద్దరు కుర్రాళ్లని పెట్టమని మేనేజర్‌ని మూడుసార్లు అడిగాను. చూద్దామంటున్నారు. సోమవారం మళ్లీ అడుగుతాను, ఏమన్నారో రాస్తాను.

నీ బావ