ఆగస్టులో పోర్చుగల్ వెళ్ళేవాళ్ళకి పల్లెటూరి పండగ గురించి కూడా చెప్పండి

ఎడిటర్ గారికి నమస్తే,

మన పేపర్లలో పోర్చుగల్ గురించి ఎప్పుడు రాసినా లిస్బన్ పసుపు ట్రామ్, పోర్టో బ్రిడ్జి, అల్గార్వ్ బీచ్‌లు, అంతేనండి. నేను ఉత్తరాన బ్రాగా దగ్గర ఉంటున్నా, ఇక్కడి మిన్యో పల్లెల్లో ఆగస్టులో జరిగే ఫెష్టా (ఊరి పండగ) గురించి తెలుగులో ఒక్క ముక్క కూడా కనపడట్లేదని బాధేసి ఈ ఉత్తరం రాస్తున్నా.

ఆగస్టే ఎందుకంటే, 1960ల్లో, 70ల మొదట్లో ఇక్కడి నియంత పాలన, ఆఫ్రికాలోని పోర్చుగల్ వలసల్లో యుద్ధం, వీటికి తోడు పేదరికం, తట్టుకోలేక ఈ పల్లెల నుంచి లక్షల మంది ఫ్రాన్స్ వెళ్ళిపోయారు, చాలామంది కాగితాల్లేకుండా దొంగచాటుగా బోర్డర్లు దాటి. వాళ్ళూ వాళ్ళ పిల్లలూ ఫ్రాన్స్, స్విట్జర్లాండ్, లక్సెంబర్గ్ నుంచి సెలవులకి వచ్చేది ఆగస్టులోనే, సంక్రాంతికి హైదరాబాద్ ఖాళీ అయ్యి మన ఊళ్ళు నిండినట్టే అనుకోండి. పెళ్ళిళ్ళు, బాప్తిస్మాలు కూడా చాలావరకు ఈ నెలకే పెట్టుకుంటారు.

పేరుకి ఊరి సెయింట్ పండగో మేరీమాత పండగో, ఆగస్టు 15 అయితే ఎన్ని ఊళ్ళలో ఒకేసారి జరుగుతుందో. ఊళ్ళోవాళ్ళే కమిటీ వేసుకుని ఇంటింటికీ తిరిగి చందాలు వసూలు చేసి నడిపిస్తారు. పూలతో అలంకరించిన విగ్రహాన్ని భుజాల మీద మోసుకెళ్తుంటే వెనక ఊరి బ్యాండ్ వాయిస్తూ వస్తుంది, అందులో స్కూలు పిల్లా, రిటైరైన తాతా పక్కపక్కన నిలబడి క్లారినెట్ వాయించడం చూస్తే మనసు నిండిపోతుందండి, ఇదేదో టూరిస్టుల కోసం పెట్టిన షో కాదు. రాత్రి చర్చి ముందు మైదానంలో డ్యాన్సులు. కాన్సర్టీనా అని చిన్న అకార్డియన్ లాంటిది, అది వాయిస్తూ ఇద్దరు ఒకళ్ళ మీద ఒకళ్ళు అప్పటికప్పుడు పాటలు కట్టి పాడుకుంటారు, జనం పడీ పడీ నవ్వుతారు, భాష సగమే అర్థమైనా అక్కడి నుంచి కదలబుద్ధి కాదు.

తిండి సంగతికొస్తే బొగ్గుల మీద కాల్చిన సార్డీన్ చేపలు, పోర్క్ పెట్టిన బన్ను, పిరిపిరి కారం రాసిన చికెన్ (మనకి మిరపకాయ తెచ్చింది వీళ్ళేగా!), మొక్కజొన్న రొట్టె, ఇంకా బంగాళాదుంప, సన్నగా తరిగిన ఆకుకూర వేసి కాచే కాల్దు వెర్ద్ సూపు. శాకాహారులు సూపులో సాసేజ్ ముక్క వెయ్యొద్దని ముందే చెప్పాలి, అయినా కొన్నిచోట్ల అది వేసే కాస్తారు కాబట్టి అడగండి. చివర్లో చక్కెర, దాల్చినచెక్క పొడి చల్లిన ఫర్తూరా, నూనెలో వేయించిన పొడుగాటి స్వీటు, అది మాత్రం వదలొద్దు.

ఒకటి బాధగా ఉంటుంది. పల్లెల్లో కుర్రాళ్ళు తగ్గిపోయి కొన్నిచోట్ల కమిటీకి మనుషులే దొరకట్లేదు. అడవి మంటల భయం ఇంకొకటి, 2017లో మధ్య పోర్చుగల్‌లోని పెద్రోగావ్ గ్రాండ్ అడవి మంటల్లో 66 మంది చనిపోయారు, మంటల రిస్కు ఉన్న రోజుల్లో తారాజువ్వలు కాల్చనివ్వరు. కొందరు పండగ కళ పోయిందంటారు గానీ నా మటుకు నాకు ఈ రూల్ కరెక్టే, చుట్టూ ఎండిపోయిన పైన్, యూకలిప్టస్ తోటలే మరి.

అందుకే మీ ట్రావెల్ పేజీలో దీని గురించి ఒకసారి రాయండి సార్. ఇక్కడ చదువుకునే మన పిల్లలు కూడా వీకెండ్ లిస్బన్‌లోనే గడపకుండా వెళ్ళాలి. ఎంట్రీ టికెట్ ఉండదు, కాబట్టి తినేది అక్కడి స్టాళ్ళలోనే తిని, కమిటీ వాళ్ళు అమ్మే లాటరీ చీటీ ఒకటి కొనండి, ఆ డబ్బు పండక్కే పోతుంది. ఊరేగింపు వచ్చేటప్పుడు దారికి అడ్డంగా సెల్ఫీలు వద్దు. పోస్టర్లు ఊరి కాఫీ షాపుల్లో అంటిస్తారు, రాత్రి తిరిగి రావడానికి బస్సులు ఉండవు, కారున్న ఫ్రెండ్‌ని ముందే మాట్లాడుకోండి.

ఇట్లు,
మీ పాఠకుడు, బ్రాగా, పోర్చుగల్