సంబల్‌పూర్ నుంచి కటక్‌కు పావురాల పోటీ: ఒడిశా పోలీసు డైరెక్టర్ జనరల్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఒడిశా పోలీసు డైరెక్టర్ జనరల్ గారికి,

నమస్కారం. దూరంగా వదిలినా సొంత గూటికే తిరిగొచ్చే హోమర్ పావురాలను పెంచే తెలుగువాళ్లం రాస్తున్న లేఖ ఇది. ఒడిశా పోలీసు పావురాల సంగతి వీళ్లకెందుకని మీకు అనిపించవచ్చు. 1946లో సైన్యం మీ శాఖకు 200 పావురాలను అప్పగించాక, పావురాలతో కబుర్లు పంపే మీ సేవ మొదలైంది కోరాపుట్‌లో. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా ఆ నేల విశాఖపట్నం జిల్లాలోనే ఉండేది. ఇవాళ్టికీ ఆ కొండలకు అటూ ఇటూ తెలుగు, ఒడియా కలిసే వినబడతాయి. ఆ పావురాల కథలో మాకూ కాస్త చుట్టరికం ఉందని నమ్మి రాస్తున్నాం.

మా విన్నపం ఒక్కటే. ఏటా సంబల్‌పూర్ నుంచి కటక్‌కు హోమర్ పావురాల పోటీ జరిపించండి. దానికి ఏడాదికో చేతికి మారే ట్రోఫీ పెట్టండి. ట్రోఫీ చేయించే ముందు దాని చిట్టా పుస్తకం తెరవండి.

పందెం అనగానే మా వైపు కోడిపందేలు, చేతులు మారే డబ్బు గుర్తొస్తాయి. అందుకే పోటీ అంటున్నాం. నగదు బహుమతి వద్దు, బెట్టింగు అసలే వద్దు.

ఈ దారినే ఎందుకు అడుగుతున్నామో మీ శాఖకు తెలియనిది కాదు. 1948 ఏప్రిల్ 13న నెహ్రూ సంబల్‌పూర్‌లో ఉన్నారు. అంతకు ముందురోజే హీరాకుడ్ దగ్గర ఆనకట్ట పని ప్రారంభించారు. కటక్ సభలో వక్తను జనానికి దూరంగా నిలబెట్టే ఏర్పాటు చేయవద్దని ఆయన పంపిన కబురును మీ పావురం మోసుకెళ్లింది. పొద్దున 6 గంటలకు సంబల్‌పూర్‌లో వదిలితే 11.20కి కటక్ గూటికి చేరింది.

పావురాలు పెంచేవాళ్లకు ఈ లెక్క కథకన్నా ఎక్కువ చెబుతుంది. రెండు ఊళ్ల మధ్య గాలిలో గీత గీస్తే సుమారు 228 కిలోమీటర్లు. 5 గంటల 20 నిమిషాలంటే 320 నిమిషాలు. నిమిషానికి దాదాపు 712 మీటర్ల వేగం పడింది. గాలి నిలకడగా ఉన్న రోజున, బాగా సాధన చేసిన గుంపు నిమిషానికి 1,100 మీటర్లు పోగలదు. ఆ లెక్కన 3 గంటల 27 నిమిషాల్లో చేరాలి. అలాగని ఆ పావురాన్ని తక్కువ చేయకూడదు. ఏప్రిల్‌లో సంబల్‌పూర్ ఎండ తొమ్మిదింటికే కాలుస్తుంది. వేడెక్కిన పావురం నోరు తెరుచుకుని ఎగురుతుంది, దారిలో నీళ్లకు దిగుతుంది. గుంపు లేకుండా ఎగిరే పక్షి దిక్కు తేల్చుకోవడానికి వదిలిన చోటే ఎక్కువ చుట్లు తిరుగుతుంది. అంగుల్ చుట్టుపక్కల అడవి కొండల్లో డేగ కనబడిందంటే దారి తప్పించి పోవాలి. ఏప్రిల్ ఎండలో ఆ దూరం కొట్టి కబురు అందించిన పక్షి గొప్పదే.

ఆ పక్షి ఏది? దాని కాలి ఉంగరం సంఖ్య మీ పాత రిజిస్టర్లలో ఉంటే దయచేసి బయటపెట్టండి. ట్రోఫీ మీద మొదటి వరుసలో ఆ సంఖ్య చెక్కాలి.

ఉంగరం సంఖ్యకు ఎందుకింత పట్టుదల అంటే, పావురానికి అదే పేరు, అదే ఊరు, అదే పుట్టిన ఏడాది. 1940 అక్టోబరు 10న యూరప్‌లో అత్యవసరంగా దిగిన ఒక బ్రిటిష్ విమానం నుంచి వదిలిన పావురం 120 మైళ్లు 4 గంటల 10 నిమిషాల్లో ఎగిరి కబురు తెచ్చింది. అది శాండ్రింగ్‌హామ్‌లోని రాజుగారి గూటి పక్షి, పేరు రాయల్ బ్లూ. ఆ గూడే 1886లో బెల్జియం రాజు లియోపోల్డ్ కానుకగా పంపిన పావురాలతో మొదలైంది. దాని ఉంగరం ఎన్‌యూఆర్‌పీ 40 జీవీఐఎస్ 453. మొదటి అక్షరాలు అక్కడి పావురాల సంఘానివి, 40 అంటే పుట్టిన ఏడాది. ఎనభై ఏళ్లు దాటినా ఆ పక్షిని ఇంకో పక్షితో ఎవరూ పొరబడరు. యుద్ధంలో సేవ చేసిన జంతువులకిచ్చే డికిన్ పతకం దానికీ దక్కింది. 1943 నుంచి 1949 వరకు ఇచ్చిన 54 పతకాల్లో 32 పావురాలవే.

దూరపు పోటీల్లో అందరూ చెప్పుకునే బార్సిలోనా పోటీని బెల్జియం వాళ్లు నడుపుతారు. 1951 నుంచి అది అంతర్జాతీయ పోటీ. ఉత్తరాన ఉన్న గూళ్లకు వెయ్యి కిలోమీటర్లు దాటుతుంది. అక్కడ గెలిచిన పక్షి సంతతిని మూడు నాలుగు తరాల తర్వాత కూడా వెతుక్కుని కొంటారంటే కారణం చిట్టాయే. ఏ ఉంగరం, ఏ గూడు, ఎంత దూరం, ఎన్ని గంటలకు చేరింది, వేగమెంత, అన్నీ రాసి ఉంటాయి. వెండి కప్పు అద్దాల బీరువాలో ఉంటుంది, పెంపకందారు చదివేది మాత్రం ఆ పట్టికనే.

ఇక పోటీ ఎలా నడపాలో చెబుతాం. తప్పులు జరిగేది ఇక్కడే.

ముందు వేగం లెక్క. ఒకేచోట వదిలినా పావురాలు చేరేది వేర్వేరు గూళ్లకు. అందుకని ముందు వచ్చిందే గెలిచిందనడం కుదరదు. వదిలిన చోటి నుంచి ప్రతి గూటికీ అక్షాంశ రేఖాంశాలతో దూరం మీటర్లలో లెక్కగట్టి, పట్టిన నిమిషాలతో భాగించాలి. కటక్ గూటికి 228 కిలోమీటర్లు, భువనేశ్వర్ గూటికి 236 అనుకుందాం. కటక్ పక్షి 240 నిమిషాల్లో వస్తే వేగం 950. భువనేశ్వర్ పక్షి ఆరు నిమిషాలు ఆలస్యంగా 246 నిమిషాలకు వచ్చినా వేగం 959, కాబట్టి గెలుపు దానిదే. ఈ లెక్కను పోటీకి ముందే అందరి ముందూ పెట్టకపోతే పోటీ తర్వాత తగాదా ఖాయం. చేరిన సమయాన్ని గడియారం చూసి నోటితో చెబితే ఒప్పుకోకూడదు. చిప్ ఉంగరం వేసి, గూటి వాకిట్లో దాన్ని చదివే పలక పెట్టడం మేలు. అంత ఖర్చు వద్దనుకుంటే పాత పద్ధతి ఉంది: వదిలే ముందురోజు కాలికి రబ్బరు ఉంగరం తొడగాలి, పక్షి రాగానే అది తీసి సీలు వేసిన గడియారంలో వేయాలి. అన్ని గడియారాలనూ ముందురోజు ఒకే సమయానికి కలిపి సీలు వేయాలి, పోటీ అయ్యాక మళ్లీ సరిచూడాలి. రెండు నిమిషాల తేడా ఫలితాన్ని తారుమారు చేస్తుంది.

రెండోది తేదీ. నెహ్రూ కబురు జ్ఞాపకమని ఏప్రిల్ 13నే పెట్టాలన్న కోరిక సహజం. దయచేసి పెట్టవద్దు, ఎండ పక్షుల్ని చంపుతుంది. వానాకాలంలోనూ, ఆ తర్వాత రెక్కల ఈకలు రాల్చే నెలల్లోనూ దూరం ఎగరనివ్వకూడదు. డిసెంబరు, జనవరుల్లో మహానది లోయలో పొగమంచు ఆలస్యంగా విడుతుంది. ఫిబ్రవరి రెండో సగమే సరైన కాలం. ఏప్రిల్ 13న సభ పెట్టి ట్రోఫీ అందించవచ్చు.

మూడోది సాధన. గూటి చుట్టూ ఎగరడమే తెలిసిన పావురాన్ని తీసుకెళ్లి 228 కిలోమీటర్ల దూరంలో వదలడం పక్షి పట్ల క్రూరత్వం. కటక్ నుంచి రైలు దారి వెంటే మెట్లున్నాయి. ముందు 5, 10 కిలోమీటర్లు, ఆ తర్వాత ఆఠగఢ్ దగ్గర 25, ఢెంకనాల్ 35, అంగుల్ 90, రేఢాఖోల్ 170. ఒక్కోచోట కనీసం రెండుసార్లు వదలాలి. అంగుల్ నుంచి సరిగ్గా రాని పక్షిని ఆ ఏడాదికి ఆపేయాలి. మధ్యలో ఒక మెట్టు ఎగ్గొడితే దాని ఫలితం ఆఖరి రోజున ఖాళీ గూళ్లలో కనబడుతుంది.

మేతలో కిటుకేమీ లేదు. ఒక్కో పక్షికి రోజుకు సుమారు 30 గ్రాముల గింజలు: మొక్కజొన్న, జొన్న, సజ్జ, పెసలు, బఠానీ, కొంచెం కుసుమలు. దూరపు ఎగురుడుకు ఇంధనం కొవ్వు. అందుకని ఆఖరి నాలుగు రోజులు పప్పుల వంతు తగ్గించి మొక్కజొన్న పెంచాలి, సాయంత్రం పదేసి వేరుశనగ గింజలు వేయాలి. వాటిలో బూజు పట్టిన గింజ ఒక్కటున్నా కాలేయం దెబ్బతింటుంది. అందుకే చేత్తో ఏరాలి. గొంతులో పసుపు పచ్చని జున్నులాంటి పొర ఉందా, మెడ వంకర తిరుగుతోందా అని బుట్టకెక్కించే ముందు ప్రతి పక్షినీ పశువైద్యుడు చూడాలి. మొదటిది క్యాంకర్ అనే గొంతు జబ్బు. రెండోది పారామిక్సో వైరస్ లక్షణం, ఒక్క పక్షికి ఉంటే బుట్ట మొత్తానికి అంటుతుంది. ఆ టీకా వేయించిన కాగితం లేని పక్షిని తీసుకోకూడదు. దారిలో ఎక్కడ బర్డ్ ఫ్లూ ప్రకటించినా ఆ ఏడాది పోటీ రద్దు చేయాలి.

బుట్టల దగ్గర కక్కుర్తి పడతారు. 90 సెంటీమీటర్ల పొడవు, 60 వెడల్పు, పావు మీటరు ఎత్తున్న బుట్టలో 18 పక్షులకు మించి పెట్టకూడదు. కిక్కిరిస్తే ఒంటి వేడికే నీరసపడతాయి. మగవి, ఆడవి వేరు బుట్టల్లో ఉండాలి. నీళ్ల తొట్టి బుట్టకు బయట తగిలించాలి, తల చాచి తాగేటట్టు. సంబల్‌పూర్‌కు ముందురోజు సాయంత్రానికే చేరి, రాత్రంతా చీకట్లో, చప్పుడు లేనిచోట ఉంచాలి. పొద్దున మేత వద్దు, నీళ్లు ఇవ్వాలి.

వదిలే నిర్ణయం ఒక్కరి చేతిలో ఉండాలి, ఆయన పావురాలు తెలిసినవాడై ఉండాలి. ముఖ్య అతిథి రాక కోసం బుట్టలు ఎండలో ఎదురుచూడకూడదు. సంబల్‌పూర్, అంగుల్, కటక్ మూడుచోట్లా ఆకాశం తేటగా ఉందని ఫోనులో తేల్చుకున్నాకే, సూర్యుడు పైకొచ్చాక తలుపులన్నీ ఒకేసారి తీయాలి. అనుమానముంటే మర్నాటికి వాయిదా వేయాలి. ఆ జాగ్రత్తలు తీసుకునే చోట కూడా ఘోరాలు జరిగాయి. 1997 జూన్ 29న బ్రిటిష్ సంఘం శతాబ్ది పోటీకి ఫ్రాన్స్‌లోని నాంట్ నుంచి 60 వేలకు పైగా పావురాలను వదిలితే చాలా భాగం తిరిగి రాలేదు. అవి ఇంగ్లిష్ చానల్ దాటే సమయంలో దాని మీదుగా వెళ్లిన, ధ్వనికన్నా వేగంగా ఎగిరే కాంకార్డ్ విమానపు ధ్వని తరంగాలు వాటి దిక్కు చెడగొట్టి ఉంటాయని జాన్ హాగ్‌స్ట్రమ్ అనే భూగర్భ శాస్త్రవేత్త వాదించారు. సూర్యుడు, భూమి అయస్కాంత శక్తి, వాసన, మనకు వినిపించనంత తక్కువ పౌనఃపున్యమున్న ధ్వని, వీటిలో ఏది చెదిరినా పక్షి తప్పిపోగలదు.

అందుకే ట్రోఫీ చిట్టాలో గెలిచిన పక్షి పక్కనే ఇంకో గడి ఉండాలని మా గట్టి కోరిక: ఎన్ని వదిలారు, అదేరోజు ఎన్ని వచ్చాయి, మూడోరోజుకు ఎన్ని వచ్చాయి. పదింటిలో ఏడు కూడా ఇల్లు చేరని ఏడాది ట్రోఫీ ఎవరికీ ఇవ్వకూడదు. ట్రోఫీ మీద ఆ ఏడాది వరుసను ఖాళీగా వదలాలి. తర్వాతి ఏడాది నిర్వాహకులు ఆ ఖాళీని చూసి జాగ్రత్తపడతారు.

మీ గూటి పక్షుల గురించి ఒక మాట. 1982 వరదల్లో కటక్ జిల్లాలోని బాంకీకి బయటితో సంబంధం తెగిపోయినప్పుడు, 1999 అక్టోబరు తుపానులో తీగలన్నీ కూలినప్పుడు కబురు మోసిన వంశమది. ఒకచోట గూడు, ఇంకోచోట మేత పెట్టి రానూపోనూ ఎగరడం నేర్పిన బూమరాంగ్ పద్ధతి తెలిసిన చేతులు మీ శాఖవే. కబుర్లు మోసే సేవ ఆపేసినా, వేడుకల కోసం కటక్‌లో గుంపును నిలిపి ఉంచినందుకు కృతజ్ఞతలు. 2018 ఏప్రిల్‌లో 50 పావురాలు భువనేశ్వర్ నుంచి కటక్‌కు 20 నిమిషాల్లో ఎగిరి చూపించాయి కూడా. కానీ ఆ దూరం పాతిక కిలోమీటర్లు. అదే పక్షుల్ని తీసుకెళ్లి సంబల్‌పూర్‌లో వదలవద్దు. ముసలి పక్షుల్ని గూట్లోనే ఉంచి పిల్లల్ని తీయించండి. బయట కొన్న పెద్ద పావురాలను కూడా వదలకూడదు, అవి పుట్టిన గూటికే పోతాయి. వాటి పిల్లలే మీ గూటివవుతాయి.

తెలుగు నేలకూ ఇందులో చిన్న బాధ్యత ఉంది. చెన్నై పెంపకందారుల పావురాలు ఒంగోలు, విజయవాడ, వరంగల్ వైపు నుంచి మా మీదుగానే ఇల్లు చేరతాయి. కాలికి ఉంగరమున్న పక్షి అలిసి డాబా మీద వాలితే నీళ్లు, గుప్పెడు జొన్నలు పెట్టి ఒక రాత్రి ఉండనివ్వాలని, రెక్కలు కత్తిరించవద్దని మేం ఊరూరా చెబుతున్నాం. సంబల్‌పూర్ దారి వెంట ఉన్న మీ పోలీసు స్టేషన్లన్నిటికీ ఇదే మాట ఒక కాగితం మీద వెళితే చాలా పక్షులు బతుకుతాయి.

ఈ ఫిబ్రవరిలో జోడు కట్టిస్తే గుడ్డు పెట్టిన 18వ రోజుకు పిల్ల బయటికొస్తుంది. వారం తిరిగేసరికి ఉంగరం వేయాలి, పదో రోజు దాటితే కాలు పట్టదు. నాలుగో వారంలో తల్లి నుంచి వేరుచేయవచ్చు. వానలు వెళ్లి ఈకలు పూర్తయ్యాక, నవంబరులో దగ్గరి మెట్ల నుంచి మొదలుపెడితే వచ్చే ఫిబ్రవరికి రేఢాఖోల్ దాటుతాయి. ఉంగరాలు ఇప్పుడే చేయించాలి. వాటి మీద ఏడాది, వరస సంఖ్య, కటక్ గూటి గుర్తు ఉంటే చాలు. శిక్షణకు, లెక్కలకు మనుషులు కావాలంటే సొంత ఖర్చులతో వచ్చి నెల రోజులు ఉండడానికి సిద్ధంగా ఉన్నాం.

భవదీయులు,
హోమర్ పావురాల తెలుగు పెంపకందారులు