నీళ్లలో లిథియం కలపడం కాదు, ముందు కొలవండి

సంపాదకులు గారికి నమస్కారం.

లిథియం అనేది రాళ్లలో, నీళ్లలో సహజంగా ఉండే ఒక లోహం, దాన్నే కొన్ని మానసిక జబ్బులకు మందుగా కూడా ఇస్తారు. మంచినీళ్లలో అది ఎక్కువగా ఉన్న ఊళ్లలో ఆత్మహత్యలు తక్కువని, ప్రభుత్వాలే కుళాయి నీళ్లలో కొంచెం కొంచెంగా దాన్ని కలిపితే ఎలా ఉంటుందని మీ పేపర్లో ఒక వ్యాసం వేశారు. ఆ రోజు నుంచి అది వాట్సాప్‌లో తిరుగుతూనే ఉంది. తిరిగేకొద్దీ "కలిపితే ఎలా ఉంటుంది" అన్న ప్రశ్న ఎగిరిపోయి "కలుపుతున్నారట" అనే మాట మిగిలింది. నేను గుంటూరు కొత్తపేటలో మందుల షాపు నడుపుతాను. చుట్టూ ఆసుపత్రులే, మానసిక వైద్యులు రాసిన చీటీలు రోజూ చూస్తాను, ఈ మాట ఎక్కడిదాకా పోతుందో కౌంటర్ దగ్గరే నాకు తెలిసిపోయింది.

మొన్న ఒకావిడ వచ్చింది. కొడుక్కి చాలాకాలంగా లిథియం బిళ్ళలు మా దగ్గరే తీసుకెళ్తుంది. చీటీ చేతిలోనే పట్టుకుని, "బాబూ, అది నీళ్లలోనే ఉంటదంట గదా, ఇంక ఈ బిళ్ళలు ఆపేస్తే ఏమవుద్ది?" అని అడిగింది. పాపం ఆవిడ తప్పేముంది, బిళ్ళల ఖర్చు ఒకటి, చుట్టాలకి తెలుస్తుందేమోనన్న భయం ఒకటి, ఆపడానికి ఏదో ఒక కారణం దొరికితే బాగుండని ఏ తల్లికైనా ఉంటుంది. ఆపొద్దమ్మా అని కూర్చోబెట్టి లెక్క చెప్పాను. ఆ లెక్క మీ పాఠకులకీ చెప్పాలి.

300 మిల్లీగ్రాముల లిథియం కార్బొనేట్ బిళ్ళలో అసలు లిథియం సుమారు 56 మిల్లీగ్రాములు. జపాన్‌లోని ఓయిటా ప్రాంతంలో 18 పట్టణాల నీళ్లు పరీక్షించి 2009లో వేసిన పరిశోధనే ఈ చర్చలో అందరూ చెప్పేది, అక్కడ అన్నిటికంటే ఎక్కువ ఉన్న చోట కూడా లీటరుకు 59 మైక్రోగ్రాములు (మిల్లీగ్రాములో వెయ్యో వంతు ఒక మైక్రోగ్రాము). అంటే ఒక్క బిళ్ళలో ఉన్నంత లిథియం ఒంట్లోకి వెళ్లాలంటే ఆ నీళ్లు దాదాపు 950 లీటర్లు తాగాలి. మన ఇళ్లకు వచ్చే ఇరవై లీటర్ల క్యాన్లతో చూస్తే 48 క్యాన్లు. నీళ్లలో ఉన్నది ఏ రకంగానూ మందుకు బదులు కాదు. బైపోలార్ జబ్బుకి (మనసు కొన్నాళ్లు అతి ఉత్సాహంలోకి, కొన్నాళ్లు తీవ్రమైన దిగులులోకి వెళ్లే జబ్బు) లిథియం వాడేవాళ్లు డాక్టరు చెప్పకుండా ఒక్కసారిగా ఆపేస్తే జబ్బు మళ్లీ తిరగబెట్టే ప్రమాదం ఎక్కువ, అదీ మామూలుగా కాదు, ఉధృతంగా. ఆ వ్యాసంలో ఈ ఒక్క వాక్యం ఉండి ఉంటే ఎంతో మేలు జరిగేది.

పరిశోధనలు అబద్ధమని నేను అనడం లేదు. అమెరికాలో టెక్సస్ రాష్ట్రంలోని 27 కౌంటీల (మన జిల్లాల్లాంటివి) లెక్కలు 1990లోనే వచ్చాయి, ఆస్ట్రియాలో 2011లో వచ్చాయి, ఏడు దేశాల అధ్యయనాలన్నీ కలిపి 2020లో ఒకచోట లెక్కగట్టారు, నీళ్లలో లిథియం ఎక్కువున్న చోట ఆత్మహత్యలు తక్కువనే తేలింది. కానీ ఇవన్నీ ఊరికీ ఊరికీ పోల్చి చూసినవి, మనిషికీ మనిషికీ కాదు. ఆ ఊళ్లో చనిపోయిన మనిషి ఏ నీళ్లు తాగాడో, ఎంత తాగాడో, ఉద్యోగం ఉందో లేదో, అప్పులున్నాయో లేవో వాటిలో కనపడదు. డెన్మార్క్‌లో మాత్రం లక్షల మంది ఎవరెవరు ఎక్కడ నివసించారో ఏళ్ల తరబడి చూసి 2017లో లెక్క తీస్తే, లిథియం వల్ల ఆత్మహత్యలు తగ్గిన జాడే దొరకలేదు. మీ వ్యాసంలో ఇది లేదు.

ఇంకొకటి కూడా లేదు. అదే డెన్మార్క్ నుంచి 2023లో వచ్చిన మరో అధ్యయనం, తల్లి కడుపుతో ఉన్నప్పుడు నివసించిన చోట నీళ్లలో లిథియం ఎక్కువుంటే పిల్లల్లో ఆటిజం కొంచెం ఎక్కువగా కనపడిందని చెప్పింది. ఇది కూడా సంబంధం మాత్రమే, కారణమని రుజువు కాలేదు, గర్భిణులెవరూ దీన్ని చదివి టెన్షన్ పడాల్సిన పని లేదు. నేను అడిగేదల్లా ఒకటే కొలబద్ద. ఆటిజం లెక్కని "ఇంకా తేలలేదు" అని పక్కన పెట్టేవాళ్లు, ఆత్మహత్యల లెక్కని కూడా ఇంకా తేలలేదనే అనాలి. నచ్చినదాన్ని నమ్మి నచ్చనిదాన్ని వదిలేసి లక్షల మంది తాగే నీళ్ల మీద నిర్ణయాలు తీసుకోకూడదు.

పోనీ, కలిపారే అనుకుందాం. గుంటూరులో కుళాయి నీళ్లు తాగేదెవరు? కాస్త జరుగుబాటు ఉన్న ఇంట్లో ఆర్వో మిషను ఉంటుంది, లేదంటే క్యాన్ వస్తుంది, ఆర్వో పొర లిథియాన్ని కూడా చాలావరకు తీసేస్తుంది. కార్పొరేషన్ కుళాయి దగ్గర బిందె పెట్టి పట్టుకున్న నీళ్లే తాగేది పేదవాళ్లు. ఎండాకాలం మిర్చి యార్డులో బస్తాలు మోసే హమాలీ తాగే నీళ్లెన్ని, ఏసీ గదిలో కూర్చున్న మనిషి తాగే నీళ్లెన్ని? ఎక్కువ మోతాదు వెళ్లేది మొదటివాడికే, వద్దనే వీలు లేనిదీ వాడికే. మందు అన్నాక మనిషి ఒప్పుకోవాలి, ఇది నీళ్లకైనా బిళ్ళకైనా ఒకటే. ఫ్లోరైడ్ సంగతి మనకంటే బాగా తెలిసినవాళ్లు ఎవరున్నారు? దంతాలకు మంచిదని అమెరికాలో 1945 నుంచి నీళ్లలో కలుపుతుంటే, ఇక్కడ పాత నెల్లూరు జిల్లా పల్లెల్లో నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే ఫ్లోరోసిస్‌తో ఎముకలు వంగిపోయిన మనుషుల గురించి డాక్టర్లు 1937లోనే రాశారు. ఒక చోట కలిపేదాన్నే ఇంకో చోట తీయడానికి ప్లాంట్లు కడుతున్నాం. భూమిలో ఏముందో చూడకుండా నీళ్ల గురించి మాట్లాడటానికి లేదు.

అందుకే అంటున్నా, ముందు కొలవండి. మన దేశంలో తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500లో లిథియం పేరే లేదు, కాబట్టి మామూలు పరీక్షల్లో దాన్ని చూడరు. అమెరికాలో కూడా దీనికి హద్దు పెట్టలేదు, కానీ వాళ్లు 2023 నుంచి ప్రజలకు సరఫరా చేసే నీళ్లలో ఎంతుందో కొలవడం మొదలుపెట్టారు. వాళ్ల భూగర్భ పరిశీలన సంస్థ 2021లో చెప్పినదాని ప్రకారం, పరీక్షించిన ప్రజా సరఫరా బావుల్లో సుమారు 45 శాతం చోట్ల లీటరుకు 10 మైక్రోగ్రాములు దాటింది. మనకు కృష్ణ నీళ్లు తక్కెళ్లపాడు ప్లాంటు మీదుగా వస్తాయి, విజయవాడకీ కృష్ణే, కానీ శివారు కాలనీల్లో, పల్నాడు వైపు కొన్ని ఊళ్లలో బోరు నీళ్లే దిక్కు, రెండూ ఒకేలా ఉండవు. పటిక వేసినా, ఇసుక ఫిల్టర్‌లో వడకట్టినా, క్లోరిన్ కలిపినా లిథియం పోదు, మరిగిస్తే ఇంకా చిక్కబడుతుంది. పైగా ఇది రాళ్లలోంచి వచ్చేది మాత్రమే కాదు. దక్షిణ కొరియాలో హాన్ నది సియోల్ నగరం దాటేసరికి లిథియం పలు రెట్లు పెరిగిందని, మురుగునీటి ప్లాంట్లు దాన్ని ఆపలేకపోతున్నాయని 2019లో తేల్చారు. బ్యాటరీలు, మందులు, అన్నీ చివరికి నదిలోకే. మన సెల్‌ఫోన్ల, ఈ-స్కూటర్ల పాత బ్యాటరీలు ఎక్కడికి పోతున్నాయో మీ విలేకరులు ఒకసారి చూస్తే బాగుంటుంది.

కొలవాల్సింది నీళ్లనే కాదు, రక్తాన్ని కూడా. ఈ మందుతో వచ్చే ఇబ్బంది ఏమిటంటే పనిచేసే మోతాదుకీ ప్రమాదకరమైన మోతాదుకీ మధ్య దూరం చాలా తక్కువ. రక్తంలో లీటరుకు 0.6 నుంచి 1.0 మిల్లీమోల్ (రక్త పరీక్షలో లిథియాన్ని లెక్కగట్టే కొలత) దాకా ఉంటే మందు పనిచేస్తుంది, 1.5 దాటితే విషం కిందే లెక్క. అందుకే రాత్రి మందు వేసుకున్నాక పన్నెండు గంటలకి రక్తం తీసి చూడాలి, కిడ్నీ, థైరాయిడ్ పరీక్షలు కూడా ఎప్పటికప్పుడు చేయించాలి. మన ఎండల్లో చెమట పట్టి ఒంట్లో నీరు తగ్గినా, మోకాళ్ల నొప్పికని డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి వేసుకున్నా లిథియం రక్తంలో పెరిగిపోతుంది. చేతులు బాగా వణకడం, వాంతులు, మాట ముద్దగా రావడం, నడకలో తూలడం కనపడితే వెంటనే ఆసుపత్రికి పోవాలి. లిథియం చీటీతో పాటు నొప్పి బిళ్ళ అడిగితే నేను ఇవ్వను, డాక్టర్ని అడిగి రమ్మంటాను. కొందరికి కోపం వస్తుంది, రానివ్వండి.

విరేచనాలు పట్టుకుంటే వీళ్లకి మరీ ప్రమాదం. 2018 మార్చిలో మన గుంటూరులోనే కలుషిత నీళ్ల వల్ల అతిసారం ప్రబలి ప్రాణాలు పోయాయి. ఆ నీళ్లు తాగిన లిథియం రోగి పరిస్థితి ఏమిటి? నీళ్ల గురించి ప్రభుత్వాన్ని ఏదైనా అడగాలంటే మొదట అడగాల్సింది, మురుగుకాల్వలో నడిచే పైపులు మార్చమని, చివరి కుళాయి దాకా క్లోరిన్ అందుతోందో లేదో చూడమని. ఆ తర్వాత గుంటూరు, విజయవాడ కార్పొరేషన్లు రెండూ నది నీళ్లు, బోరు నీళ్లు వేరువేరుగా ఎండాకాలం ఒకసారి, వర్షాకాలం ఒకసారి లిథియంకి పరీక్ష చేయించి ఆ అంకెలు ప్రతి వార్డు సచివాలయంలో గోడకి అంటించాలి. రక్తంలో లిథియం పరీక్ష ఏరియా ఆసుపత్రుల్లో కూడా ఉచితంగా దొరకాలి, బస్సు ఛార్జీకి వెనకాడి పరీక్ష మానేసే వాళ్లని నేను చూస్తూనే ఉన్నాను.

ఆత్మహత్యల మీద నిజంగా బెంగ ఉంటే ఇంటర్ ఫలితాల రోజున మన కాలేజీల్లో, హాస్టళ్లలో పిల్లలతో మాట్లాడే మనిషి ఉండాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు, ఖర్చు లేదు. మా షాపు కౌంటర్ మీద రాసి పెట్టాను. మీరు కూడా ఇలాంటి వ్యాసం వేసిన ప్రతిసారీ దాని కిందే ఈ నంబరు వేయండి. బిళ్ళలు ఆపొద్దన్న మాట కూడా పెద్ద అక్షరాల్లో ఒకసారి వేయమని మనవి.

ఇట్లు,
ఒక మందుల షాపు యజమాని,
కొత్తపేట, గుంటూరు