మీ అమ్మానాన్న వస్తున్నారంటే...

ఒరేయ్,

మీ అమ్మానాన్న నిన్ను చూడ్డానికి ఈ దేశం వస్తున్నారని రాశావు చూడు, చదివి ఎంత సంతోషమేసిందో! ఫోన్ చేద్దామనుకున్నాను కానీ ఇది ఫోన్‌లో తేలే విషయం కాదు. మొన్న మా నాన్న వచ్చి వెళ్ళినప్పటి సంగతులన్నీ నీకు చెప్పాలి. నువ్వు పంపిన ప్లాన్ చూశాను, పొద్దున మ్యూజియం, సాయంత్రం ఇంకోటి, మర్నాడు పొద్దున్నే వేరే ఊరికి రైలు. దాంట్లో సగం కొట్టెయ్. ఎందుకో చెప్తాను.

ముందు ప్రయాణం సంగతి. మీ అమ్మకి మోకాళ్ళ నొప్పులు కదా, టికెట్‌తో పాటే వీల్‌చైర్ అడుగు. కనీసం 48 గంటల ముందు ఎయిర్‌లైన్ వాళ్ళకి చెప్పాలి. అసలు నడవలేని వాళ్ళకే ఇస్తారనుకుని చాలామంది మొహమాటపడతారు గానీ, మెట్లెక్కగలిగినా దూరం నడవలేని వాళ్ళకీ ఇస్తారు. పెద్ద ఎయిర్‌పోర్టుల్లో విమానం మారేటప్పుడు ఎంత దూరం నడవాలో నీకు తెలుసుగా. మీ నాన్న ఇన్సులిన్ మాత్రం చేతి బ్యాగులోనే ఉండాలి, లగేజీలో వేస్తే గడ్డకట్టి పాడయ్యే ప్రమాదం ఉంది. టైం జోన్ మారుతుంది కాబట్టి ఏ డోసు ఎప్పుడు వేసుకోవాలో బయల్దేరకముందే డాక్టర్‌తో రాయించుకోమను. మందుల చీటీలో కంపెనీ పేర్లే కాకుండా మందు అసలు పేర్లు కూడా ఉండాలి, ఎందుకంటే కంపెనీ పేర్లు దేశానికో రకంగా ఉంటాయి. ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు ముందునుంచే ఉన్న జబ్బులకి వర్తిస్తుందో లేదో చదువు. షుగర్ ఉన్నవాళ్ళ విషయంలో అన్నిటికంటే ముఖ్యం అదే.

విమానంలో మధ్యమధ్య లేచి నడవమని ఇద్దరికీ గట్టిగా చెప్పు. నాలుగు గంటలు దాటి కదలకుండా కూర్చుంటే కాళ్ళ రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టే ముప్పు సుమారు రెట్టింపవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లోనే చెప్పింది. మామూలుగా ఆ ముప్పు తక్కువేలే, భయపడక్కర్లేదు. కానీ మన పెద్దవాళ్ళు పక్కసీటు వాళ్ళని లేపడానికి మొహమాటపడి అలాగే కూర్చుండిపోతారు, అందుకని నడవా పక్క సీట్లు తీసుకో.

ఇక దిగాక. నాన్న మొదట్లో రోజూ తెల్లవారకముందే లేచి, నా నిద్ర పాడవుతుందని లైటు కూడా వెయ్యకుండా మంచం అంచున కూర్చునేవారు. శరీరంలోని గడియారం రోజుకి సుమారు ఒక గంట చొప్పునే సర్దుకుంటుందట. దానికి పగటి వెలుతురే పెద్ద మందు. ఆ గడియారం సహజంగా 24 గంటలకంటే కాస్త నెమ్మదిగా నడుస్తుంది కాబట్టి పడమటికి వెళ్ళినప్పుడు త్వరగా సర్దుకుంటుంది, తూర్పుకి వెళ్ళినప్పుడే ఎక్కువ కష్టం. అంటే వచ్చేటప్పుడు ఒకలా, వెళ్ళేటప్పుడు ఇంకోలా ఉంటుంది. అందుకే తొలి రోజుల్లో టూర్లు పెట్టకు.

నేనూ ఆయనతో పాటే లేచి, ఇద్దరం నడకకి వెళ్ళేవాళ్ళం. రోడ్డు మీద ఎవరూ ఉండేవాళ్ళు కాదు. ఇంట్లో ఉన్నన్నాళ్ళూ నాన్న నాతో మార్కులు, ఫీజులు తప్ప ఏం మాట్లాడారు చెప్పు? అలాంటి మనిషి ఆ చీకట్లో నడుస్తూ అడిగారు, "రోజూ ఎవరితో మాట్లాడతావురా?" అని. ఏం చదువుతున్నావు, ఉద్యోగం ఎప్పుడొస్తుంది, ఇవేవీ కాదు. నాకు కాసేపు నోట మాట రాలేదు. తర్వాత ఒక్కొక్కరి గురించీ చెప్పాను, ల్యాబ్‌లో పక్క బల్ల అతను, గ్రూప్ స్టడీ వాళ్ళు, నీ గురించి కూడా. వాళ్ళందరినీ చూడాలన్నారు. ఏ టూరిస్టు ప్లేస్‌కి వెళ్దామన్నా రానంత ఉత్సాహం నా ల్యాబ్ చూద్దాం రండి అంటే వచ్చింది. ప్రొఫెసర్‌ని అడిగితే క్లాసుకి కూడా రానిచ్చారు. నాన్న చివరి వరసలో కూర్చుని, భాష అర్థం కాకపోయినా గంటసేపూ బోర్డు వంకే చూశారు.

నీకు అసలు చెప్పాలనుకున్నది ఇప్పుడొచ్చింది. ఇంటి దగ్గర బ్యాంకు, ఆఫీసు, ఆసుపత్రి, అన్నీ ఆయనే చూసుకునే మనిషిరా. ఇక్కడ ప్రతి కౌంటర్ దగ్గరా నేను మాట్లాడుతుంటే చేతులు వెనక్కి కట్టుకుని పక్కన నిలబడేవారు. అది చూస్తే నాకు కడుపులో దేవినట్టయ్యేది. నేను క్లాసుకెళ్తే నాలుగు గోడల మధ్య నా కోసం ఎదురుచూడ్డమే ఆయన పని. అందుకని బస్ కార్డు తీసి ఇచ్చి, ఒకే ఒక్క రూటు నేర్పాను, రూమ్ నుంచి లైబ్రరీకి. మొదట ఇద్దరం కలిసి వెళ్ళాం, తర్వాత ఆయన ముందు నడుస్తుంటే నేను వెనక వెళ్ళాను. జేబులో అడ్రసు, నా నంబరు ఇక్కడి భాషలో రాసిన కాగితం, ఫోన్‌లో నెట్ లేకున్నా పనిచేసేలా దింపి పెట్టిన మ్యాపు.

ఒంటరిగా వెళ్ళిన రోజు క్లాసులో నాకు ఒకటే టెన్షన్. సాయంత్రం వచ్చేసరికి ఆయన గది సర్దేసి, నాకే ఊరి సంగతులు చెప్పడం మొదలుపెట్టారు! ఏ స్టాపులో ఎవరెక్కుతారు, డ్రైవర్ ఎలా పలకరించాడు, పార్కులో ఏ పెద్దాయనతో సైగలతో మాట్లాడారు, అన్నీ. ఆ రోజు నుంచీ మనిషి నడకే మారిపోయింది. ఇంకో దారి చూపించమని ఆయనే అడిగారు.

కాబట్టి మీ అమ్మానాన్నలకి కూడా రాగానే అలాంటిదొకటి చెయ్యి. మీ అమ్మ ఎక్కువ నడవలేరు కాబట్టి, దగ్గర్లో కూర్చోడానికి బెంచీలున్న చోటు ఒకటి ముందే చూసిపెట్టు. నువ్వు చూపించాలనుకున్నవి సెలవు రోజుల్లో చూపిద్దువుగాని.

హాస్టల్‌లో గెస్టుల్ని ఎన్ని రాత్రులు ఉండనిస్తారో ఇవాళే కనుక్కో, చాలా చోట్ల లెక్క ఉంటుంది. కుదరకపోతే చెప్పు, వేరే గది వెతకడంలో సాయం చేస్తాను. వాళ్ళ టికెట్ వివరాలు కూడా పంపు, విమానం మారడానికి మధ్యలో చాలినంత టైం ఉందో లేదో చూసి చెప్తాను.

ఉంటానురా.