పెన్న వెంట ఒక బస్సు నడపండి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో కడప జిల్లా పర్యాటకం మీద వచ్చిన వ్యాసం చదివాను. మా జిల్లాకు అంత చోటు ఇచ్చినందుకు సంతోషం. కానీ వేసిన ఫొటోలన్నీ గండికోట దగ్గరి పెన్న లోయవే. వ్యాసం కూడా ఆ బండల అంచు దగ్గర మొదలై అక్కడే ఆగిపోయింది.

నేను ఆర్టీసీలో కండక్టరుగా పనిచేసి పదవీ విరమణ చేశాను. నా ఉద్యోగమంతా కడప, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, బద్వేలు రోడ్ల మీదే గడిచింది. బెంగళూరు నుంచీ హైదరాబాదు నుంచీ వచ్చే పిల్లలు వీపున సంచులు తగిలించుకుని బస్సెక్కి, గండికోటకు దారి అడిగేవారు. మర్నాడు తిరుగు ప్రయాణంలో వాళ్లే కనిపిస్తే ఇంకేం చూశారని అడిగేదాన్ని. "ఇంకా ఏమున్నాయమ్మా ఇక్కడ?" అనేవారు. తప్పు వాళ్లది కాదు. చెప్పేవాళ్లు లేరు, తీసుకెళ్లే బస్సు లేదు. అయినా ఆ మాట విన్న ప్రతిసారీ నా మనసు చివుక్కుమనేది.

గండికోటలో కూడా లోయ ఒక్కటే కాదు కదా చూడవలసింది. ఇనుప మేకులు దిగ్గొట్టిన కోట తలుపులు, జామియా మసీదు, దాని పక్కనే ధాన్యాగారం, మాధవరాయస్వామి ఆలయ గోపురం, శిథిలమైనా నిలబడే ఉన్న రంగనాథాలయం, ఇవన్నీ నడిచి వెళ్లి చూడదగినంత దగ్గరలోనే ఉన్నాయి. పెమ్మసాని నాయకులు ఏలిన కోట ఇది. 1652లో ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియే ఇంత దూరం వచ్చి గోల్కొండ సేనాని మీర్ జుమ్లాను కలిసింది ఇక్కడే. సూర్యోదయం ఫొటో తీసుకుని టిఫిను వేళకు బయలుదేరేవారికి ఇవేవీ తెలియవు.

జమ్మలమడుగు నుంచి కడప వైపు వస్తుంటే ఎర్రగుంట్ల తగులుతుంది. నాపరాళ్ల గనులు, సిమెంటు ఫ్యాక్టరీలు, లారీల దుమ్ము. ఆ మండలంలోనే కలమళ్ల ఉంది. థర్మల్ విద్యుత్ కేంద్రం ఉన్న ఊరు అంటే అందరికీ తెలుస్తుంది. రేనాటి చోళరాజు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు వేయించిన శాసనం ఆ ఊరి చెన్నకేశవాలయ ఆవరణలో దొరికింది. దాని కాలం క్రీ.శ. 575 అని పండితులు నిర్ణయించారు. ఇప్పటికి దొరికిన తెలుగు శాసనాల్లో అదే మొదటిది. 2008లో తెలుగుకు ప్రాచీన భాష హోదా వచ్చినప్పుడు ఊరూరా పండగ చేసుకున్నాం. ఆ ప్రాచీనతకు రాతిలో సాక్ష్యం పలికిన ఊరికి మాత్రం ఎవరూ బస్సు దిగరు. ఆ స్టాపులో దిగేవాళ్లంతా థర్మల్‌లో పనిచేసేవాళ్లే. పదో తరగతి పిల్లలను ఒక్కసారైనా ఈ ఊరికి తీసుకురావాలని ఏ బడికీ తోచకపోవడం నాకు అర్థం కాని విషయం.

ఇక పుష్పగిరి. కడపకు ఇరవై కిలోమీటర్ల లోపే. పెన్నకు ఒక ఒడ్డున ఊరు, వైద్యనాథేశ్వరుడు. రెండో ఒడ్డున కొండ మీద చెన్నకేశవుడు. మధ్యలో ఇసుక. ఏరు ఎండితే నడిచి దాటవచ్చు, నీళ్లుంటే చుట్టు తిరిగి వెళ్లాలి. గరుత్మంతుడు తెస్తున్న అమృతంలో ఒక చుక్క ఇక్కడి కోనేటిలో పడిందట. అందులో మునిగినవాళ్లందరూ పడుచువాళ్లు అయిపోతుంటే దేవతలు కంగారుపడి, ఒక కొండను తెచ్చి ఆ కోనేటిలో వేయించారట. కొండ మునగలేదు, నీటి మీద పువ్వులా తేలింది. అందుకే పుష్పగిరి అయిందని మా పెద్దవాళ్లు చెప్పేవారు. చెన్నకేశవాలయం గోడల మీది శిల్పాలను చూస్తే కథ మరిచిపోయి రాయిలోకే చూస్తూ ఉండిపోతాం. శివుడూ అర్జునుడూ తలపడిన కిరాతార్జునీయం అక్కడ గోడ మీద మీ ఎదురుగా జరుగుతుంది.

పోయిన శివరాత్రి తరువాత మా వీధి పొదుపు సంఘం ఆడవాళ్లను అక్కడికి తీసుకెళ్లాను. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చింది కదా, ఇక పైసా ఖర్చు లేదని అందరూ ఉత్సాహంగా బయలుదేరారు. ప్రొద్దుటూరు నుంచి కడపకు జీరో టికెట్‌తోనే వచ్చాం. అక్కడి నుంచి మాకు కుదిరిన వేళకు బస్సు లేదు. ఆటోలు మాట్లాడుకోవలసి వచ్చింది. ఇళ్లలో పనులు చేసుకుని బతికే మనుషులకు ఆ కిరాయి చిన్నది కాదు. కొండ మీద ఒక పెద్దావిడ ఆ శిల్పాలను చేత్తో తడిమి, "అక్కా, ఇంత దగ్గర పెట్టుకుని మనం తిరుపతి, శ్రీశైలం అంటూ తిరుగుతున్నామే!" అన్నది. నేను ఈ ఉత్తరం రాయడానికి ఆమె మాటే కారణం.

సిద్ధవటం సంగతి కూడా చెప్పాలి. కడప నుంచి భాకరాపేట మీదుగా వెళ్లి పెన్న వంతెన దాటితే ఏటి ఒడ్డునే కోట కనిపిస్తుంది. మట్లి రాజుల కోట. 1808 నుంచి 1812 దాకా జిల్లా కేంద్రం ఈ ఊరే, కడప కాదు. శ్రీశైలానికి దక్షిణ ద్వారంగా దీన్ని చెప్పుకుంటారు. కోట లోపల సిద్ధేశ్వరుడి గుడీ, మసీదూ, దర్గా ఉన్నాయి. ద్వారం కింద నిలబడి తల ఎత్తితే పైకప్పు రాళ్ల మీద కూడా శిల్పాలే. బద్వేలు బస్సు రోజూ ఈ ఊరి మీదుగానే పోతుంది. కిటికీలోంచి చూసి "ఏదో పాత గోడ" అనుకునేవాళ్లే ఎక్కువ. దిగి చూద్దామనుకున్న ఆడవాళ్లకైనా ముందుగా అడగవలసి వచ్చేది మరుగుదొడ్డి ఎక్కడ అని.

ఆ ఊరి చుట్టూ ఉన్న లంకమల అడవి గురించి పిల్లలకు తప్పక చెప్పాలి. కలివికోడి అనే పక్షి భూమి మీద లేకుండా పోయిందని ఎనభై ఏళ్లకు పైగా ప్రపంచమంతా అనుకున్నది. 1986లో అది సిద్ధవటం దగ్గర రెడ్డిపల్లి పరిసరాల్లో దొరికింది. రాత్రిపూట ముళ్లపొదల మధ్య తిరిగే చిన్న పక్షి. దాని కోసం ఇక్కడ అభయారణ్యం ఏర్పడింది, తెలుగుగంగ కాలువ దారి కూడా మార్చారు. ఒక పిట్ట కోసం కాలువను పక్కకు తిప్పిన జిల్లా మాది అని మా పిల్లలు గొప్పగా చెప్పుకోవద్దా?

ఒంటిమిట్టకు నా సిఫారసు అక్కర్లేదు. ఒకే శిలలో వెలసిన సీతారామలక్ష్మణులకు రాష్ట్ర ప్రభుత్వం కల్యాణం జరిపిస్తున్నప్పటి నుంచి జనం బాగానే వస్తున్నారు. కానీ వచ్చినవాళ్లు అటునుంచి అటే వెళ్లిపోతున్నారు. దగ్గరలోని మాధవరంలో మగ్గాల మీద నేసే చీరలు నేతగాళ్ల ఇళ్లలోనే చూసి కొనుక్కోవచ్చని వాళ్లకు ఎవరైనా చెబితే రెండు కుటుంబాలకైనా మేలు.

నా ముఖ్యమైన కోరిక ఒక్కటే. శని, ఆదివారాల్లో ఆర్టీసీ పెన్న వెంట ఒక బస్సు నడపాలి. శనివారం కడపలో బయలుదేరి కలమళ్ల, జమ్మలమడుగు, గండికోట చూపించి రావాలి. ఆదివారం పుష్పగిరి, సిద్ధవటం, మాధవరం, ఒంటిమిట్ట. సాయంత్రం కడపలో దించే ముందు, సమయం ఉంటే తెలుగు నిఘంటువు రాసిన సి.పి. బ్రౌన్ పేరిట ఉన్న గ్రంథాలయం. ప్రతి చోటా గంటో గంటన్నరో ఆగాలి. దీన్ని ప్రత్యేక సర్వీసు అని పేరు పెట్టి చార్జీ పెంచకుండా, పల్లెవెలుగుగానే నడపాలి. అప్పుడే మా సంఘం ఆడవాళ్లు జీరో టికెట్‌తో ఎక్కగలుగుతారు. మగవాళ్లూ, పక్క రాష్ట్రాల నుంచి వచ్చేవాళ్లూ టికెట్టు కొంటారు. బస్సు ఖాళీగా తిరుగుతుందేమోనన్న భయం అక్కర్లేదు. ఆ రోడ్ల మీద టికెట్లు కొట్టిన అనుభవంతో చెబుతున్నాను, వేళ తప్పకుండా నాలుగు వారాలు నడిస్తే జనం ఆ వేళకు అలవాటు పడతారు. మానేస్తారేమో అన్న అనుమానం ఉన్న బస్సునే ఎవరూ ఎక్కరు.

కలమళ్లలో ఆ శాసనం పాఠమూ, దాని అర్థమూ తెలుగులో పెద్ద అక్షరాలతో రాసిన బోర్డు పెట్టించాలి. సిద్ధవటంలో, పుష్పగిరిలో మంచినీళ్లు, ఆడవాళ్లకు శుభ్రమైన మరుగుదొడ్లు కావాలి.

మీ పత్రికను అడిగేది మరొకటి ఉంది. వారానికి ఒక ఊరి చొప్పున ఈ చోట్ల గురించి రాయండి. ఫొటోతో పాటు ఎక్కడ దిగాలో, తిరుగు బస్సు ఎన్నింటికో కూడా వేయండి. కార్తీకంలో పంచారామాలకూ, పౌర్ణమికి అరుణాచలానికీ బస్సులు నడిపే ఆర్టీసీకి ఇది కొత్త పని కాదు. పుష్పగిరీ, సిద్ధవటమూ శివక్షేత్రాలే కాబట్టి వచ్చే కార్తీక మాసం మొదటి శనివారమే ఈ బస్సు మొదలుపెట్టవచ్చు. దారి చెప్పడానికి మనిషి కావాలంటే నేను జీతం లేకుండా వస్తాను.

ఇట్లు,
పదవీ విరమణ చేసిన ఒక ఆర్టీసీ కండక్టరు,
ప్రొద్దుటూరు